అక్క ఎదురొచ్చిన పరుగు

పొద్దున్నే నేను డ్యూటీకి బయల్దేరే వేళకు మా అక్క మాయమైపోయేది. టిఫిన్ డబ్బా చేతికిచ్చేది, నీళ్ల సీసా సంచిలో పెట్టేది, చిల్లర ఉందా అని అడిగేది. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టగానే పోయి వంటింటి తలుపు వెనక నిలబడేది. గేటు గొళ్లెం పడ్డ చప్పుడు వినబడితేనే బయటికొచ్చేది. పెళ్లయిన రెండో ఏడే సాగర్ రోడ్డు మీద లారీ గుద్ది బావ పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చిన రోజు నుంచి అక్క ఎవరికీ ఎదురు రాలేదు. మొగుడు పోయిన మనిషి ఎదురైతే పోయే పని చెడుతుందని ఆమెకు ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. ఆమే తెలుసుకుని తప్పుకుంది. అమ్మ పోయాక నన్ను సాకి, చదివించి, పెళ్లి చేసిన మనిషి, నేను పెళ్లికూతురునై గడప దాటేటప్పుడు కూడా ఆ తలుపు వెనకే ఉంది.

నాకు కోపమొచ్చేది. నాకు కోపం రావడం పెద్ద విశేషమేమీ కాదు, నేను బస్సు కండక్టర్ని. ఇబ్రహీంపట్నం నుంచి సిటీకి పోయే బస్సులో రోజంతా "జర లోపటికి జరుగుర్రమ్మా, ఫుట్‌బోర్డు మీద ఏమన్న పెండ్లయితున్నదా" అని అరిచే గొంతు ఇంటికొచ్చినా తగ్గదు. అక్క మీద కూడా అరిచేదాన్ని. "నువ్వు పెట్టిన బువ్వ తిని పెరిగిన. నీ మొకం జూస్తె నాకు చెడుపు జరుగుతదా?" అనేదాన్ని. "జరగకపోవచ్చు. ఎందుకొచ్చిన పంచాయితి, నువ్వు పో పిల్లా" అని అక్క నవ్వేసేది.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, పక్కింట్లోనే ఉంటుంది. ఆమెకూ మొగుడు లేడు. నేను బయల్దేరే టైముకు వాకిలి ఊడుస్తూ ఉంటే చీపురు అక్కడే పారేసి లోపలికి పోతుంది. అక్క ఈ పద్ధతి ఆమెను చూసే నేర్చుకుంది. "నేను తప్పుకుంటలేనా? అది తప్పుకుంటె ఏం అరిగిపోతది?" అని పెద్దమ్మ నా నోరు మూయించేది. నా మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే తప్పుకునేది.

ఇక పరుగు సంగతి. డిపో దగ్గర పెట్టిన హెల్త్ క్యాంపులో షుగర్ అంచు మీదుందని, నడవమని డాక్టరమ్మ చెప్పింది. చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. వలలు ఆరేసుకునేవాళ్లు "కండక్టరమ్మా, బస్సు మిస్సయినవా?" అని నవ్వుతుంటే రోషానికి పరిగెత్తాను. ఆదిబట్ల కంపెనీల పిల్లలు కట్ట మీదికి పరుగుకొచ్చేవాళ్లు, వాళ్లతో కలిశాను. కొన్నేళ్లకు వాళ్లే నన్ను పేసర్‌ని చేశారు. పేసర్ అంటే, మారథాన్‌లో వీపుకు టైము రాసిన జెండా కట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో పోయే మనిషి. ఐదున్నర గంటల్లో చేరాలనుకునేవాళ్లు ఐదున్నర జెండా వెనక ఉరుకుతారు. వాళ్లకు ఆ జెండానే నమ్మకం. అది ముందు ఎగబడకూడదు, చివర డీలా పడకూడదు. జెండా వెనకున్న గుంపును పరుగువాళ్లు బస్సనే అంటారు. అది విన్న రోజు మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆడ గూడ గదే కొలువా నీకు" అన్నాడు.

అక్కకు కడుపులో క్యాన్సర్ అని తెలిసేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. సిటీలో దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి, ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే తెచ్చుకున్నాం. ఆ నొప్పి పగవాళ్లకు కూడా రావొద్దు. ఎంత కష్టమొచ్చినా గొంతెత్తని మనిషి దుప్పటి కొస నోట్లో కుక్కుకుని మూలిగేది. ఆ నొప్పి మందు మామూలు మెడికల్ షాపులో దొరకదు. ఒక ట్రస్టు వాళ్ల వ్యాను మా వైపు, మహేశ్వరం వైపు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఇలాంటి రోగుల ఇళ్లకు తిరిగేది. వారానికోసారి నర్సమ్మ దిగి, మందిచ్చి, ఒళ్లు తుడిచి, అక్క తల దువ్వి పోయేది. ఆ మందు మొదటిసారి పడ్డ రోజు అక్క మధ్యాహ్నందాకా కదలకుండా నిద్రపోయింది. ఆమె అలా పడుకోవడం చూసి ఎన్ని నెలలైందో, మేం భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాం.

నర్సమ్మకు వెలుతురు కావాలని మంచం ముందు గదిలో వేశాం. అదే అక్కకు పెద్ద చిక్కయింది. లేచి తలుపు వెనక్కి పోలేదు కదా. నేను యూనిఫాం వేసుకుని రాగానే దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. గేటు చప్పుడయ్యేదాకా దాని కిందే ఊపిరి బిగబట్టుకుని ఉండేది. అది మొదటిసారి చూసిన రోజు నేను బస్సులో టిక్కెట్లు కొడుతూ ఏడ్చాను. ఎవరో ఆడమనిషి "ఏమైందక్కా" అంటే, "కండ్లల్ల దుమ్ము వడ్డది, నువ్వు ఆధార్ కార్డు తియ్యి" అని కసిరాను.

ఆ చలికాలంలోనే నర్సమ్మ ఒక మాట చెప్పింది. చందాలిచ్చేవాళ్లు తగ్గిపోయారట, ఈ వైపు వ్యాను ఆపేస్తారేమోనట. వైజాగ్‌లో మారథాన్‌కు పేసర్‌గా రమ్మని అప్పటికే పిలుపొచ్చి ఉంది. అక్కను వదిలి పోవద్దనుకున్నదాన్ని, పోవాల్సిందే అనుకున్నాను. ఈసారి నా బస్సులో ఉరకాలంటే టిక్కెట్టు కొనాలని చాటింపేశాను. అట్టముక్కల మీద మా ఆయన అందంగా టిక్కెట్లు రాశాడు. ఎవరికి తోచినంత వాళ్లు వ్యానుకు పంపాలి, నేను నా చేత్తో టిక్కెట్టు చింపి ఇస్తాను. "ఆడోళ్లకు ఫ్రీ గదా అక్కా" అని ఆదిబట్ల పిల్లలు ఆటపట్టించారు. "గది సర్కారు బస్సు. గిది నా బస్సు. ఇండ్ల జీరో టిక్కెట్టు లేదు" అన్నాను. ఉరకనివాళ్లు కూడా కొన్నారు. డిపోలో మెకానిక్కులు కొన్నారు, కట్ట కింద చేపలమ్మే ఆడవాళ్లు కొన్నారు. పెద్దమ్మ కొంగు ముడి విప్పి ఒకటి కొనుక్కుని, "నేనేడ ఉరుకుత గని, నా బదులు గూడ నువ్వే ఉరుకు" అంది. నేను బండెక్కేలోపే, వచ్చిన డబ్బుతో ఈ వైపు వ్యాను ఆగిపోకుండా నిలబడింది. ఇక టిక్కెట్టు తీసుకున్నవాళ్లను గమ్యం చేర్చడమే నా పని.

బయల్దేరే రోజు సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని ముందు గదిలోకొచ్చాను. అక్క చెయ్యి అప్పుడే దుప్పటి అంచు వెతుక్కుంటోంది.

"తియ్యక్కా ఆ దుప్పటి" అన్నాను.

"పో పిల్లా, బండి టైమైతది."

"పోను. నువ్వు ఎదురొస్తెనే పోత. లేకుంటె బ్యాగు గిక్కడనే పడేస్త. టిక్కెట్లు కొన్నోళ్లకు నువ్వే జవాబు చెప్పుకో."

"మొండిముండ" అని తిట్టింది. తిట్టింది కానీ కళ్లు మెరిశాయి. మా ఆయన ఆమెను చిన్నపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుపోయి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. చెంబు నిండా నీళ్లు పోసి చేతికిచ్చాను. నేను గడప దగ్గరికి తిరిగొచ్చి నిలబడ్డాను. అక్క కుర్చీ పట్టుకుని లేచింది. చెంబు రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, నీళ్లు చీర మీద ఒలుకుతుంటే, నా వైపు నడిచొచ్చింది. బొట్టులేని ఆ ముఖం నాకు ఎదురు రావడం అదే మొదటిసారి. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

పెద్దమ్మ తన గేటులోంచి చూసింది. "ఓసి నీ పాడుగాను! మతి గిన పోయిందానే నీకు? దూరం పోయెటిదానికి ఎదురొస్తవా? దానికేమన్నయితె ఎట్లనే!" అని అక్క మీద గయ్‌మంది.

"ఏమైతది పెద్దమ్మా? మస్తు మంచిగైతది, నువ్వే చూస్తవు" అని నేనూ అంతే గట్టిగా అరిచాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "పడకుండ ఉరుకు బిడ్డా. అయిపోంగనే ఫోన్ చెయ్యి. నీ ఫోన్ వచ్చేదాక నాకు పానం నిలువది" అంది. ఆ కళ్లలో భయం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఇప్పుడు నా కాలికి ముల్లు గుచ్చుకున్నా అది అక్క తన వల్లే అనుకుంటుంది. ఆ మిగిలిన నాలుగు రోజులూ తనను తాను తిట్టుకుంటూ పోతుంది. ఇదివరకు ఎన్నోసార్లు ఉరికాను కానీ, నాకు ఏమీ కాకుండా తిరిగి రావాలని అంత భయంగా ఎప్పుడూ అనుకోలేదు.

వైజాగ్‌లో చీకటితోనే పరుగు మొదలైంది. "రైట్ రైట్" అని అరిచి బస్సు కదిలించాను. నా వెనక మొదటిసారి మారథాన్ ఉరికే ఒక బ్యాంకావిడ, భార్యతో పందెం కాసి వచ్చిన ఒక పెద్దాయన, మా ఆదిబట్ల పిల్లలు, ఇంకా ఎందరో. నాతోపాటు రెండో జెండా కట్టుకున్నవాడూ ఆదిబట్ల వాడే, నేను తమ్ముడూ అని పిలుస్తాను. సముద్రం ఒక పక్క హోరుమంటుంటే ఎత్తుల దగ్గర అందరినీ నడిపించాను, పల్లాల దగ్గర ఉత్సాహపడేవాళ్లను కసిరి ఆపాను. ఎండ ఎక్కాక బ్యాంకావిడ "నావల్ల కాదమ్మా" అంటే, "మధ్యల స్టాపు లేదు మేడం, ఇది ఎక్స్‌ప్రెస్" అన్నాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది. నేను మాత్రం అడుగడుగూ చూసి వేస్తున్నాను. పారేసిన నీళ్ల కప్పు కనబడినా పక్కకు పోతున్నాను.

చివరి నీళ్ల బల్ల దగ్గర, ఇంక కాసేపట్లో చేరుతామనగా, ఒకాయన నీళ్ల కోసం ఉన్నపళంగా నాకు అడ్డమొచ్చాడు. ఆయన్ను తప్పించబోతే నా కుడికాలు డివైడర్ అంచు మీద పడి మడత పడింది. కటుక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. రోడ్డు మీద బోర్లా పడ్డాను. నొప్పి ఇంకా తెలియకముందే బుర్రలోకి వచ్చిన మాట ఒక్కటే. పెద్దమ్మ అన్నంతా అయింది.

తమ్ముడు వచ్చి లేపాడు. "అక్కా, కాలు వాస్తున్నది. కూసో. నేను తీస్కపోత బస్సును" అన్నాడు. కూర్చుంటే అంబులెన్సు వస్తుంది, కట్టు కడతారు, ఎవడో ఫోటో తీస్తాడు, మా ఆయన ఫోన్‌కు పోతుంది. "నేను టిక్కెట్లు చింపిన. డిపోకు నేనే చేరుస్త" అన్నాను. పళ్లు బిగించి లేచాను. ఎలా ఉరికానో చెప్పమంటే చెప్పలేను. బ్యాంకావిడ ఇప్పుడు నన్ను కసరడం మొదలుపెట్టింది, "స్టాపు లేదన్నారుగా, నడవండి" అని. ఐదున్నర జెండా ఐదున్నరకే గీత దాటింది. దాటాక నేను గడ్డిలో కూలబడి కాలు పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

ఏడుపు ఆపుకుని, ముఖం కడుక్కుని, ఫోన్ చేశాను. మా ఆయన వీడియోలో అక్కను చూపించాడు. రెండు రోజుల్లోనే ముఖం ఇంకింత చిన్నదైపోయింది. పొద్దుటి నుంచి మందు కూడా వేసుకోలేదట, నిద్రపట్టి నా ఫోన్ తప్పిపోతుందని.

"పడలే గద?" అని అడిగింది. అదే మొదటి మాట.

"లేదక్కా."

"కాళ్లు సూపియ్యి."

ఎడమకాలు ఎత్తి చూపించాను. బూటు, సాక్సు విప్పి వేళ్లు ఆడించాను.

"ఇంకోటి?"

"ఇంకోటి గూడ గిట్లనే ఉంటదక్కా. రెండు అక్కాచెల్లెండ్లే గద" అన్నాను. అక్క నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

"అయితె నేనెదురొస్తె ఏం కాలే" అంది.

"ఏం కాలేదక్కా. అందరం మంచిగ చేరినం."

"ఇన్ని ఏండ్లు ఉత్తగనే దాక్కున్ననే" అంది. మళ్లీ తనే, "నువ్వు డ్యూటీకి పోయెటప్పుడు గూడ ఇంక నేనే ఎదురొస్త. కుర్సి ఆడనే ఉంచుమను" అంది. నేను సరేనన్నాను. మందు వేసుకోమన్నాను. వేసుకుంది.

తెల్లారి బండి కాజీపేట దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. అక్క నిద్రలోనే పోయిందన్నాడు. నొప్పి లేకుండా పోయిందన్నాడు. ఆ మాటకు నేను ఎవరికో దండం పెట్టాలి, ఎవరికి పెట్టాలో తెలియలేదు. పై బెర్తు మీద ముఖానికి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఆ దుప్పటి కింద ఊపిరాడలేదు. అక్క రోజూ ఎలా ఉందో ఏమో.

తమ్ముడు సికింద్రాబాద్ నుంచి కారులో రింగు రోడ్డు మీదుగా తీసుకొచ్చాడు. బొంగులూరు దగ్గర ఆ రోడ్డు దిగగానే కారు పక్కకు ఆపమన్నాను. వైజాగ్‌లో ఫోన్ అయ్యాక కట్టించుకున్న కాలి కట్టు విప్పేశాను. చీలమండ వంకాయ రంగులో ఉబ్బి ఉంది. బ్యాగులోంచి చీర తీసి డ్రెస్సు మీదే చుట్టుకుని, కుచ్చిళ్లు నేలకు ఆనేంత కిందికి దించాను. రోడ్డు పక్క వెంచర్ బోర్డు దాకా పోయి, తిరిగొచ్చాను. మళ్లీ పోయాను. "కుంటుతున్ననా?" అని అడిగాను. తమ్ముడు తల తిప్పుకుని "జర కుంటుతున్నవక్కా" అన్నాడు. ఇంకోసారి నడిచాను. ఇంటి ముందు వీధి వీధంతా ఉంటుందని నాకు తెలుసు. అక్క ఎదురొచ్చిందని పెద్దమ్మ ఈపాటికి అందరికీ చెప్పే ఉంటుందని కూడా తెలుసు. నేను ఒక్క అడుగు కుంటితే అందరూ అదే అంటారు. చూసినవా, ముండమోపి ఎదురొస్తే ఏమైందో అంటారు. పాడె మీదున్న మనిషి మీద ఆ మాట పడనివ్వను అనుకున్నాను.

ఇంటి ముందు టెంటు కింద పడుకోబెట్టారు. ముఖం మీద తెల్లబట్ట కప్పి ఉంది. పోయి అది తీసేశాను. అక్క ముఖం నిమ్మళంగా ఉంది. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీ ఆమె ఉంచమన్న చోటే ఉంది. ఎవరో దాని మీద పూలదండలు పెట్టారు.

వ్యాను వచ్చింది. నర్సమ్మ అక్క పాదాలకు మొక్కి, మిగిలిన మందు తీసుకుంది, మహేశ్వరం వైపు ఇంకొకరికి కావాలట. లేస్తూ నా నడక చూసింది. "అక్కా, కాలికి..." అని మొదలుపెట్టింది. నేను ఆమె చెయ్యి గట్టిగా నొక్కాను. ఆమె నా ముఖం చూసి ఊరుకుంది. వ్యాను మందు తీసుకుని మహేశ్వరం పోయింది.

డప్పులు మొదలయ్యాయి. పాడె వెనక ఆడవాళ్లలో నేను ముందున్నాను. "పోయిన పని మంచిగైందా?" అని ఒకామె గుచ్చి గుచ్చి అడిగింది. "మస్తుగైంది" అన్నాను. పేసర్‌గా నేను నేర్చుకున్నది ఒకటే, ఒంట్లో ఏముందో అడుగులో కనబడనివ్వకపోవడం. ఆ రోజు బొందలగడ్డ దాకా అలాగే నడిచాను. మారథాన్ అంతా ఒక ఎత్తు, ఆ కాస్త దూరం ఒక ఎత్తు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో పిలవమన్నారు. కూర్చోవాలంటే ఆ కాలు మడవాలి. మడిచాను. కళ్లు బైర్లు కమ్మాయి. "అక్కా, ఏం కాలేదక్కా. నాకేం కాలే" అని చెవిలో మూడుసార్లూ అదే చెప్పాను.

తిరిగొచ్చాక దీపం చూడటానికి లోపలికి పోవాలంటే గుమ్మం బయట కాళ్లు కడుక్కోవాలి కదా, ఆ సంగతి నేను మరిచిపోయాను. నీళ్ల బకెట్టు, చెంబు పట్టుకుని పెద్దమ్మే నిలబడి ఉంది. వెనక ఆడవాళ్లంతా వరసలో ఉన్నారు. నేను ఎడమకాలు ముందు పెట్టాను. నీళ్లు పోసింది. "ఇంకోటి" అంది. నేను కదల్లేదు. ఆమె వంగి తనే నా కుచ్చిళ్లు పైకెత్తింది.

చూసింది. ఉబ్బిన ఆ కాలును అలాగే చూస్తూ ఉండిపోయింది. నోరు తెరిచింది. ఇక అరుస్తుంది, అందరికీ చూపిస్తుంది, అయిపోయింది అనుకున్నాను. తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేను చేతులు జోడించలేదు కానీ, నా ముఖంలో అదే ఉండి ఉంటుంది. పెద్దమ్మ కళ్ల నుంచి నీళ్లు బొటబొటా రాలాయి. చెంబులో నీళ్లు నెమ్మదిగా, నొప్పి పుట్టకుండా, ఆ కాలి మీద పోసింది. కుచ్చిళ్లు తనే కిందికి దించి, కాలు మొత్తం కప్పింది.

"దాని కాళ్లకేమైంది, దివ్వలెక్క ఉన్నది. నా బిడ్డ ఎదురొచ్చింది, ఇది మంచిగ పోయొచ్చింది" అని వెనకున్నవాళ్లకు వినబడేలా అరిచింది. "రార్రి, ఒక్కొక్కలు రార్రి."

నేను దీపం చూసి, వంటింట్లోకి పోయాను. అక్క నిలబడే ఆ తలుపు వెనకకు చేరాకే, ఆ కాలును కుంటనిచ్చాను.